ఆర్.డిస్. చేసిన తలంపులు

(క్రిస్మస్ సందర్భంగా మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

క్రైస్తవుడు తన తలంపులను దేవుని సంగతులపై ఎలా నిలుపుకోవాలో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను పాస్టరును కాను. ముప్పై ఆరు సంవత్సరాలు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. కనుక గుమాస్తా భాషలోనే చెబుతాను.

పని ముగిసిన ఫైలును మనం ఏం చేసేవారమో మీకు తెలుసు. కొద్దికాలం ఉంచి చింపివేయదగినది ఎల్.డిస్., శాశ్వతంగా భద్రపరచవలసినది ఆర్.డిస్. ఎందుకైనా మంచిదని పనికిమాలిన కాగితాలను కూడా ఆర్.డిస్. చేసి రికార్డు రూము నింపేవారు ప్రతి ఆఫీసులోనూ ఉండేవారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

1987లో నాకంటే జూనియరు ఒకరికి ప్రమోషన్ ఇచ్చారు. అప్పీలు పెట్టాను, తిరస్కరించారు. అక్కడితో ముగియవలసిన ఆ సంగతిని నేను మనసులో ఆర్.డిస్. చేశాను. 2006లో రిటైరైన తరువాత కూడా, ప్రార్థనకు మోకరించి కళ్ళు మూసుకుంటే ఆ సీనియారిటీ జాబితాయే కనిపించేది.

2016లో నా భార్య మంచం పట్టింది. రాత్రిపూట బైబిలు చదివి వినిపించమనేది. ఒక రాత్రి ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం చదువుతున్నాను. "ఏమండీ, ఎక్కడున్నారు? ఆ వచనమే మూడుసార్లు చదివారు" అన్నది. అది ఎనిమిదవ వచనం. నిజమూ న్యాయమూ నిర్మలమూ అయిన వాటిమీద మనసు పెట్టమని పౌలు చెప్పిన మాట. నోరు దానిని చదువుతున్నది, నేను మాత్రం 1987లో ఉన్నాను. ఆ తరువాత ఆమె ఎక్కువ రోజులు బ్రతకలేదు. అటువంటి రాత్రులు ఎన్ని పోగొట్టుకున్నానో!

ఆమె పోయిన తరువాత ఆ అధ్యాయాన్ని ఫైలు చదివినట్టు మొదటి నుంచి చదివాను. రెండవ వచనంలోనే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలున్నారు. సువార్త పనిలో కష్టపడినవారే, కాని వారికి పడలేదు. అటువంటి సంఘానికి వ్రాసిన మాట అది. వ్రాసినవాడు బంధకాలలో ఉన్నాడు. అంతకు ముందు అదే ఫిలిప్పీలో ఆయననూ సీలనూ దెబ్బలు కొట్టి, కాళ్ళకు బొండ వేశారు. విచారణ లేకుండా రోమా పౌరులను కొట్టడం చట్టవిరుద్ధం. అప్పీలుకు ఇంతకంటే మంచి కేసు ఉంటుందా? పౌలు మరునాడు ఆ సంగతి అధికారులు పంపిన బంటుల ముఖానే అడిగాడు. నడిరాత్రి మాత్రం ఇద్దరూ పాటలు పాడుతున్నారు.

నాకు అన్యాయం జరిగిన మాట నిజమే కదా, నిజమైనదానినే తలుస్తున్నాను కదా అని నేను వాదించుకునేవాణ్ణి. కాని ఆ వచనం నిజంతో ఆగదు. ప్రేమించదగినదా, మెచ్చుకోదగినదా అని కూడా అడుగుతుంది. నా ఫైలు అక్కడ నిలవలేదు.

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో బ్రదర్ లారెన్సు అనే వంటవాడుండేవాడు. గిన్నెల చప్పుళ్ళ మధ్య దేవుణ్ణి తలచుకున్నవాడు. మనసు పారిపోతే కోపగించుకోకుండా నెమ్మదిగా తిరిగి పిలుచుకోమని ఒక ఉత్తరంలో సలహా ఇచ్చాడు. నేను అదే చేస్తున్నాను. జాబితా కనిపించగానే ఆ జూనియరు పేరుతోనే ప్రార్థిస్తాను. మొదట్లో ఆ పేరు గొంతు దాటేది కాదు. ఇప్పటికీ కొన్ని ఉదయాలు దాటదు.

క్రిందటి సంవత్సరం ట్రెజరీ దగ్గర ఆయనే కనిపించారు. చూపు సరిగా ఆనడం లేదట, ఫారం నింపిపెట్టమన్నారు. రిటైరైనప్పటి హోదా అడిగే గడి దగ్గర నా చెయ్యి కాసేపు ఆగింది. "ఏమండీ, కలం రాయడం లేదా?" అన్నారు. రాస్తున్నదన్నాను. హోదా పూర్తిగా, పొట్టి అక్షరాలు లేకుండా రాసి, సంతకం ఎక్కడ చేయాలో వేలు పెట్టి చూపించాను.