పాత కారు క్లెయిమ్: తక్కువిస్తమంటే సంతకం పెట్టకండి

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగినప్పుడు మహబూబాబాద్ దగ్గర మా బాబాయ్ కారు మునిగింది. ఏడేళ్ల బండి, ఫుల్ ఇన్సూరెన్స్. పాలసీలో రాసిన విలువ, అదే ఐడీవీ, 2 లక్షల 80 వేలు. రిపేరు ఖర్చు అందులో 75 శాతం దాటింది, అంటే టోటల్ లాస్.

కంపెనీ మనిషేమో "పాత బండి కదా, 1 లక్షా 90 వేలకు సంతకం పెట్టండి" అన్నడు. బాబాయ్ పెన్ను తీసిండు కూడా! నేను ఆపిన. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ మనమూ కంపెనీ కలిసి ఒప్పుకున్నదే, ప్రీమియం కూడా దాని మీదే కట్టినం. మళ్లీ తరుగు కోసుడేంది? అదే మెయిల్ రాసిన. నెల చూసినం, జవాబు లేదు. హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టినం. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. చివరికి వెయ్యి ఎక్సెస్ పోను మొత్తం పడ్డది.

జనగామ, భూపాలపల్లి ఫ్రెండ్స్, మీ ఐడీవీ ఎంతో చూసి కామెంట్ పెట్టండి.