స్పామ్ పెట్టెలో చిక్కిన ఉత్తరం

(ఖరగ్‌పూర్, ప్రేమ్ బజార్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారు ఈ ఊరికి వచ్చినది రైలు కర్మాగారంలో పని కొరకు. వారి వెనుకనే ఉత్తరాలు వచ్చినవి. శ్రీకాకుళం, విశాఖ పల్లెలలో తెలుగు లిపిలో చిరునామా వ్రాసి వేసిన కార్డు ఇక్కడి క్వార్టరుకు చేరవలెనన్న, ఆర్.ఎం.ఎస్. సార్టరు కన్ను, బీటు పోస్టుమాను జ్ఞాపకం రెండూ కావలసి వచ్చెడివి. పొరపాటు జరిగినచో దారి తప్పినదని దానిపై ముద్ర వేసి సరియైన ఊరికి పంపెడివారు. చిరునామాదారు దొరకనిచో కారణం వ్రాసి పంపినవారికే తిప్పి పంపెడివారు. పంపినవారెవరో పైన లేకున్న, రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసులో విప్పి చూచి కనుగొనుటకు ప్రయత్నించెడివారు. ఆ కార్యాలయానికి పూర్వం డెడ్ లెటర్ ఆఫీసని పేరు. పేరు భయంకరమే కాని, చచ్చిన ఉత్తరాన్ని బ్రతికించుటే అక్కడి పని.

నేడు ఈ-మెయిల్‌ను వేరు చేయునది యంత్రం. అనుమానం కలిగినచో ఉత్తరాన్ని స్పామ్ పెట్టెలో పడవేయును. పంపినవానికి చెప్పదు, అందవలసినవానికీ చెప్పదు. మా అభ్యంతరం ఇక్కడనే ఉన్నది.

జల్లెడ వద్దని మేము అనుటలేదు. 1978లో అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ సరకు ప్రచారానికి సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపినాడు. నాటి నుండి ఈ బెడద పెరుగుతూనే ఉన్నది. పింఛను నిలిచిపోవును, వెంటనే ఇక్కడ నొక్కుడని వచ్చు దొంగ సందేశాల వలన వృద్ధ పింఛనుదారులు ఎంత నష్టపోవుచున్నారో మీకు తెలియును. అట్టివి ఆగవలసినదే. కాని అదే జల్లెడలో నిజమైనవీ చిక్కుచున్నవి.

మాకు తెలిసిన ఒక విశ్రాంత ఫిట్టరు వైద్య ఖర్చుల బిల్లు పెట్టుకొన్నాడు. ఒక రసీదు తక్కువైనదని కార్యాలయం ఈ-మెయిల్ పంపినది. అది స్పామ్ పెట్టెలో పడినది. జవాబు రాలేదని బిల్లు మూసివేసిరి. తెలిసి వెదకునాటికి ఆ సందేశమే లేదు. జీ-మెయిల్‌లో స్పామ్ పెట్టెలోనివి 30 రోజులకు వాటంతట అవే చెరిగిపోవును. మన రైల్వే క్రమశిక్షణ నియమాలలో అప్పీలుకు గడువు 45 రోజులు. ఉత్తర్వు నకలు ఈ-మెయిల్‌లోనే ఉన్నదని నమ్ముకొన్నవానికి, గడువు తీరకముందే కాగితం మాయమగునన్నమాట.

చట్టం ఏమనుచున్నది? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ ప్రకారం, మీరు ఫలానా చిరునామాకు పంపుడని తెలిపియున్నచో, సందేశం ఆ కంప్యూటర్‌లో ప్రవేశించిన క్షణమే అందినట్లు లెక్క. పంపినవారితో వేరే ఒప్పందం ఉన్న సంగతి వేరు. మీరు చదివితిరా, స్పామ్‌లో పడినదా అను ప్రశ్న ఆ సెక్షన్‌లో లేదు. కనుక కార్యాలయం ఫారం మీద ఈ-మెయిల్ అను గడి కనపడగానే, పిల్లవాని చిరునామా వ్రాసి చేతులు దులుపుకొనరాదు.

అయితే ఒక రక్ష కలదు. రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమాలు (1968) 26వ నియమం ఉత్తర్వులను, నోటీసులను స్వయంగా అందజేయవలెనని, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపవలెనని చెప్పుచున్నది. తపాలా సోదరులకు 1965 నాటి నియమాలలో 30వది అట్టిదే. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసినారు. ఆ కలయికపై మన విచారం వేరే సభలో చెప్పుకొందము. సంతకం తీసుకొని అందించు హక్కు మాత్రం పోరాదు. గడువు గల ఏ ఉత్తరమైననూ కాగితంపై అంది, సంతకమైన తేదీ నుండియే దినములు లెక్కించవలెనని మేము కోరుచున్నాము. బిల్లులకు, దరఖాస్తులకు కూడ ఇదే పద్ధతి కావలెను.

మన తప్పును కూడ చెప్పుకొనవలెను. సంఘం సర్క్యులర్లు సొంత ఖాతా నుండి వందలమందికి ఒకే దెబ్బన పంపుచున్నాము. యంత్రానికి అది వ్యాపార ప్రచారం వలెనే కనపడును. పైగా మన సభ్యులే కొందరు చదువుటకు విసిగి ‘స్పామ్’ అని నొక్కుచున్నారు. యంత్రం ఆ నొక్కుడునే పాఠంగా నేర్చుకొనును. ఒకరి విసుగు వలన పదిమందికి సర్క్యులర్ అందకపోవచ్చును. రోజుకు 5000కు మించి పంపువారు తమ చిరునామా నిజమైనదని సాంకేతికంగా నిరూపించుకొనవలెనని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండ చూచుకొనవలెనని 2024 నుండి గూగుల్ నిబంధన. మనం అంత పంపుటలేదు గాని, సొంత డొమైన్ చిరునామా ఏర్పరచుకొనుట మేలు.

ఇక ఇంటివద్ద చేయదగినది. వారమునకొకసారి స్పామ్ పెట్టె తెరచి చూడుడు. మామూలు వెదుకులాటలో ఆ పెట్టెలోనివి కానరావు, పెట్టెనే తెరువవలెను. పంపినవారి పేరును కాదు, పూర్తి చిరునామాను చూడుడు. ప్రభుత్వ కార్యాలయాలవి ఎక్కువగా జీఓవీ డాట్ ఇన్ అనియో ఎన్ఐసీ డాట్ ఇన్ అనియో ముగియును. అనుమానమున్నచో లింకు నొక్కక, కార్యాలయానికి వెళ్ళి అడుగుడు. నిజమైనదని తేలినచో ‘నాట్ స్పామ్’ నొక్కి, ఆ చిరునామాను మీ పరిచయాలలో చేర్చుడు. ముఖ్యమైనదానిని ఆ రోజే అచ్చు తీయించి దాచుకొనుడు.

సభ ముగియగానే తలుపు ప్రక్క బల్ల వద్ద మన యువ సోదరులిద్దరు కూర్చుందురు. ఫోన్లు తెచ్చినవారు అక్కడ ఆగుడు. స్పామ్ పెట్టె ఎట్లు తెరువవలెనో వారు చూపుదురు. పాస్‌వర్డు మాత్రం వారికి కూడ చెప్పవద్దు.