బడి మెట్లమీద నిలబడిన పిల్లవాడు

(వనస్థలిపురములో విచారణ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



చిన్నపిల్లల బడిలో చదువు ఎట్లుండవలెను, పిల్లల క్షేమము ఎట్లు చూడవలెను, బడి నలుగురిని ఎట్లు కలుపవలెను అను విషయములపై మాట్లాడుమని మమ్ము కోరినారు. మేము పండితులము కాము. తల్లిదండ్రుల సంఘములలో కొన్నేండ్లు కూర్చుండి కొన్ని మంచిపనులు, ఒక చెడ్డపని చేసినవారము. ఆ చెడ్డపనితోనే మొదలుపెట్టెదము.

ఈ ప్రాంతమునకు రాకమునుపు మేము సభ్యులముగా ఉండిన ఒక బడిలో (దాని పేరు అనవసరము) ఫీజు బాకీయున్న పిల్లలను పరీక్ష రోజున తరగతిలోనికి రానీయరాదని మాట వచ్చినది. మేమును తల ఊపినాము. మరునాటి ఉదయము ఏడెనిమిదేండ్ల పిల్లవాడు పలకా పెన్సిలూ పట్టుకొని మెట్లమీద నిలబడియుండెను. ఏడ్వలేదు. మమ్ము చూచి "నమస్తే సార్" అన్నాడు. బాకీ తండ్రిది, శిక్ష వానిది. వారము తిరుగకముందే తండ్రి డబ్బు కట్టినాడు, కాని పిల్లవాడు ఆ తరువాత తరగతిలో నోరు విప్పలేదని పంతులమ్మగారు చెప్పినారు. ఆ సంవత్సరము సంఘము లెక్కలలో బాకీలు లేవు. లెక్క సరిపోయినదని మేము సంతోషించితిమి కూడ.

ఇప్పుడు మన ముందున్న ప్రశ్న దానికి దగ్గరిదే. ఆటోనగర్ వైపు పనిచేయు కూలీల, లారీ క్లీనర్ల పిల్లలకు ఒకటో తరగతిలో ఫీజు లేకుండ చోటు ఇవ్వవలెనా? ఇచ్చినచో బడి స్థాయి పడిపోవునని కొందరు పెద్దలు భయపడుచున్నారు.

చట్టము సంగతి ముందు చెప్పుకొందము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నూటికి 25 సీట్లు పేదపిల్లలకు ఉచితముగా ఇవ్వవలెనని చెప్పినది. కొట్టుట, మనసు నొప్పించుట రెండును నిషేధించినది. అయితే 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ చట్టము మైనారిటీల బడులకు వర్తించదని తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరులో అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పుపై సందేహము తెలిపి, విషయమును పెద్ద ధర్మాసనమునకు పంపదగినదన్నారు. కోర్టులో ఏది తేలినను, మన గుమ్మములో నిలిచిన తల్లికి మనము చెప్పవలసిన జవాబు మారునా? 1965 అక్టోబరు 28న ద్వితీయ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్యపై చేసిన ప్రకటన పేదలను, విశ్వాసము లేనివారిని కూడ మన బడుల శ్రద్ధలో చేర్చినది. దానికి కోర్టు మినహాయింపు లేదు.

మన హైదరాబాదులో కథోలిక బడుల చరిత్ర పాతది. ఆల్ సెయింట్స్ 1855 నాటిది. 1871లో పునీత అన్నమ్మ సభ మఠకన్యలు ఇటలీనుండి సికింద్రాబాదు వచ్చిరి. 1886లో హైదరాబాదు మేత్రాసనమైనది, 1953లో అగ్రపీఠమైనది. అప్పుడు మన ఈ ప్రాంతము ఊరికి వెలుపల. ప్రక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటమైదానము. 1975లో జింకల కొరకు కాపాడబడిన వనమైనది. జింకలకు అభయము దొరికిన చోట పిల్లలు భయముతో బడికి వచ్చుట మాకు బాగుగా తోచదు. (ఈ మాట ముందొకసారి అన్నప్పుడు నవ్వినారు. అయినను మరల అంటున్నాము.)

స్థాయి పడిపోవుననుటను గూర్చి. చదువు పడిపోవునది పేదపిల్లలవలన కాదు, అర్థముకాని చదువువలన. ఇంగ్లీషు పాఠము గడగడ అప్పగించు పిల్లవానిని దాని భావమడిగిన నేలచూపులు చూచును. పదునేడవ శతాబ్దములో ఫ్రాన్సుదేశమున పిల్లలకు ముందు లాటిను చదువుట నేర్పువారు. పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ వారు ఆ వాడుకను త్రోసి, ఇంటిభాషయగు ఫ్రెంచితో చదువు మొదలుపెట్టించిరి. 1950లో పన్నెండవ భక్తినాథ పాపుగారు ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించిరి. మన రాష్ట్రములో 2018 చట్టమువలన తెలుగు తప్పనిసరియైనది; కాని గంట కొట్టి ఒక పీరియడు పెట్టిన చాలదు. కథ ముందు తెలుగులో చెప్పి, పిల్లలచేత చెప్పించి, తరువాత ఇంగ్లీషు పుస్తకము తెరువవలెను. దేవరకొండ వైపునుండి వచ్చిన లంబాడీ పిల్లలకు తెలుగు కూడ రెండవ భాషయే అని మరువరాదు. వారి అవ్వలను వారమునకొకసారి పిలిచి కథ చెప్పించినచో ఖర్చేమియు లేదు.

ఆకలి మాట. తల్లి తెల్లవారకముందే ఇళ్లలో పనికి పోవును, తండ్రి విజయవాడ రోడ్డుమీద లారీలో ఉండును. పది గంటలకు కునుకు తీయు పిల్లవాడు సోమరి కాడు, తినలేదు. ఒక గ్లాసు రాగిజావ ఇచ్చి చూచిన తరువాత వానిని తిట్టవచ్చును.

ఉపాధ్యాయుల క్షేమము లేక పిల్లల క్షేమము లేదు. 2020 మార్చిలో బడులు మూతపడి, చిన్న తరగతులకు 2021 సెప్టెంబరులోగాని తెరువబడలేదు. 2021లో ప్రైవేటు ఉపాధ్యాయులకు ప్రభుత్వము నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇవ్వవలసి వచ్చినది. ప్రార్థనలో వారిని "గురుదేవులు" అంటిమి. జీతము మాట వచ్చినప్పుడు మనలో ఎందరము మాట్లాడితిమి?

ఇక తల్లిదండ్రుల సమావేశము. పగలు పదకొండు గంటలకు పెట్టి, కూలివారు రాలేదని వారి అశ్రద్ధను నిందించుట న్యాయము కాదు. రాత్రి ఏడు గంటలకు పెట్టుదము. మన బడి పిల్లలలో అనేకులు క్రైస్తవులు కారు. ఆ తల్లులు గుడి ఆవరణలోనికి రావచ్చునో లేదో తెలియక గేటువద్దనే ఆగుదురు. మనలో ఒకరు గేటువద్ద నిలిచి "రండమ్మా, లోపల కూర్చోండి" అనవలెను.

కావున సంఘమునకు మా విన్నపము: ఒకటో తరగతిలో ప్రతి నాలుగు సీట్లలో ఒకటి ఈ పిల్లలకు ఉంచవలెను. ఫీజు మాట ఆఫీసు గదిలో పెద్దలతోనే జరుగవలెను, పిల్లల చెవిని పడరాదు. ఎవరు ఉచితముగా చదువుచున్నారో తరగతిలో ఎవరికిని తెలియరాదు. అయ్యెడు ఖర్చుకు మా వంతు ఒక పిల్లవాని ఫీజు ఈ దినమే వ్రాయించుచున్నాము.

దరఖాస్తు కాగితములు వచ్చే ఆదివారము బలిపూజ తరువాత గుడి వాకిట బల్లమీద ఉండును. వ్రాయరానివారికి మేము కూర్చుండి వ్రాసిపెట్టెదము.