నేల ఉసిరి ఫైలు

(తడలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు టైమిచ్చారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారు నా తర్వాత ఉన్నారు గనుక మధ్యలో ఎవరూ లేచిపోరని ధైర్యం. నేను డాక్టరును కాను, ఆయుర్వేదం చదివినవాణ్ణీ కాను. సర్వీసంతా ఫైళ్ళు చదివిన గుమాస్తాను. ఈ విషయాన్ని కూడా ఒక ఫైలు చదివినట్టే మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తిరగేసి మీ ముందుంచుతున్నాను.

నేల ఉసిరి తెలియనివారు ఈ సభలో ఉండరు. వానలు పడితే చాలు గట్ల మీద, పెరట్లో, పంచాయతీ కాలువ పక్కన కూడా మొలుస్తుంది. జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు. రెమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద ఆవగింజల్లాంటి కాయలు వరుసగా ఉంటాయి. మనది సరిహద్దు ఊరు కదా, జిల్లా నెల్లూరైనా, 2022 నుంచి తిరుపతి అయినా, సగం మందిమి దాన్ని అరవంలో కీళానెల్లి అనే అంటాం. కీళ్ అంటే కింద, నెల్లి అంటే ఉసిరి. సంస్కృతంలో భూమ్యామలకి. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫిల్లాంథస్ అమారస్. అమారస్ అంటే లాటిన్‌లో చేదు అట. ఒకసారి నమిలినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కరలేదు.

కామెర్లు వస్తే మన పెద్దలు ఈ మొక్కను వేళ్ళతో సహా నూరి పరగడుపున మజ్జిగలోనో, మేకపాలలోనో ఇచ్చేవారు. నూనె, కారం లేని పత్యం. వారం, పది రోజుల్లో కళ్ళ పచ్చదనం తగ్గేది. చేతి మీద వాత పెట్టడం, కళ్ళలో పసరు పోయడం లాంటివి కూడా చూశాం గానీ వాటి జోలికి ఇప్పుడు పోను. అవి హాని చేసేవే. నేల ఉసిరి వాటి సరసన చేర్చదగింది కాదు. దాన్ని ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెట్టి చూసింది.

ఆ కథ మనకు దగ్గరలోనే, మద్రాసులో నడిచింది. 1976లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడుండేవారు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నది ఆయనే. ఫిలడెల్ఫియాలో ఆయనతో పనిచేసిన వెంకటేశ్వరన్ అనే మనవారు, మరికొందరు కలిసి ఈ జాతి మొక్క కషాయాన్ని ఆ వైరస్ మీద పరీక్షించారు. వైరస్ పెరగడానికి అవసరమైన ఒక ఎంజైమును ఈ కషాయం అడ్డుకుంటున్నదని గాజుగొట్టంలో తేలింది. వుడ్‌చక్ అని అక్కడ బొరియల్లో బతికే జంతువు ఒకటుంది. దానికీ మన బి వైరస్ లాంటిదే వస్తుంది. ఆ జంతువులకు ఎక్కించి చూస్తే కొన్నింటిలో వైరస్ జాడ పోయింది. ఇది 1987లో ప్రచురించారు.

మరుసటి సంవత్సరం మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ గారి బృందం, బ్లంబర్గ్ గారితో కలిసి, మనుషుల మీద చేసిన పరీక్ష ఫలితాన్ని లండన్‌లోని లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. రక్తంలో బి వైరస్ మోస్తున్నవారిలో కొందరికి నేల ఉసిరి మందు 30 రోజులిచ్చారు. మరికొందరికి మందులాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి, అంటే నూటికి 59 మందికి, వైరస్ గుర్తు రక్తంలో కనిపించలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

ఉత్తుత్తి మందు ఎందుకు అని మీరడగవచ్చు. అసలు కీలకం అక్కడే ఉంది. కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదు, పలు జబ్బుల్లో కనిపించే ఒక లక్షణం. కలుషితమైన నీటి వల్ల వచ్చే ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. (గర్భిణీ స్త్రీలకు మాత్రం ఇ రకం ప్రాణాంతకం కావచ్చు, ఆలస్యం చేయరాదు.) బి రకం కూడా పెద్దవయసులో సోకితే నూటికి తొంభైమందికి పైగా ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుంది. ఆకు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. తగ్గినప్పుడు పేరు ఆకుకు వస్తుంది. అందుకే పక్కన మందు లేని ఒక వరుస పెట్టి పోల్చి చూడాలి. తరతరాల అనుభవానికి లేనిది ఆ పక్క వరుసే.

లాన్సెట్ వార్తతో నేల ఉసిరి పేరు మారుమోగింది. పొడులు, మాత్రలు, సిరప్పులు మందుల షాపుల్లోకి వచ్చాయి. అయితే ఆ పత్రం రాసినవారు దాన్ని ప్రాథమిక అధ్యయనమనే రాశారు. మన భాషలో చెప్పాలంటే అది ప్రొవిజనల్ పెన్షన్. ఫైనల్ ఆర్డరు రాకముందే జనం పండగ చేసుకున్నారు.

ఇక ఫైలులో తర్వాతి కాగితాలు. 1990లో థాయిలాండ్ వారు తమ దగ్గర పెరిగిన ఇదే మొక్కతో చేసి చూస్తే ఫలితం దాదాపు శూన్యం. 1994లో న్యూజిలాండ్ వారిదీ అదే మాట. ఎందుకిలా? మొక్క పెరిగిన నేల, కోసిన కాలం, మందు తయారుచేసిన పద్ధతి వేరని ఒక వాదన. ఇందులో కొంత ఆలోచించవలసిందే. చూపుకు ఒకేలా ఉండే నేల ఉసిరి రకాలు మూడు నాలుగు ఉన్నాయి. మన వైపు మొక్కను చాలాకాలం నిరూరి అని పిలిచారు, అసలు నిరూరి అమెరికా ఖండపు మొక్క. సంతలో ఎండబెట్టి అమ్మే కట్టలో ఏ రకం ఎంత ఉందో అమ్మేవారికీ తెలియదు. కానీ ఒక మందు ఒక ఊళ్ళో పనిచేసి మరో ఊళ్ళో పనిచేయకపోతే, కారణం తేలేదాకా దాన్ని మందు అని రాసివ్వడానికి వీల్లేదని నా అభిప్రాయం. 2011లో కాక్రేన్ సంస్థవారు 16 పరీక్షలను ఒకచోట చేర్చి చూసి, దీర్ఘకాలిక హెపటైటిస్ బి మీద ఈ మొక్క పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు.

మొదటి కాగితం ఊరూరా తిరిగింది. తర్వాతి కాగితాలు ఎవరూ చదవలేదు. నా బాధ అదే.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో అటెండరు ఒకాయన ఉండేవారు. మంచి పనిమంతుడు. ఆయనకు కామెర్లొస్తే పసరు తాగారు, నెల సెలవు పెట్టారు, కళ్ళు తెల్లబడ్డాక డ్యూటీలో చేరారు. రక్తపరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. ఏడెనిమిదేళ్ళ తర్వాత కడుపులో నీరు చేరితే మద్రాసు తీసుకెళ్ళారు. బి వైరస్ ఎప్పటినుంచో ఉందన్నారు, కాలేయం అప్పటికే గట్టిపడిపోయింది. రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు పోయారు. ఇంట్లోవాళ్ళకి పరీక్ష చేస్తే చిన్నకొడుక్కీ ఉంది. ఆ అబ్బాయి ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ పసరు ఆయనకు ఏ కీడూ చేయలేదు. తగ్గిపోయిందన్న భరోసా మాత్రం ఇచ్చింది.

బి వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. మంగలి షాపులో పాత బ్లేడు కూడా చాలు, కొత్తది వేయమని అడగడానికి మొహమాటపడకండి. పసితనంలో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. నొప్పి ఉండదు, పచ్చదనం ఉండదు. 2022 లెక్క ప్రకారం మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది దీన్ని మోస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

దీనికి టీకా ఉంది. ఒకప్పుడు విదేశీ టీకా మన జీతాలకు అందేది కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారుచేసి ఎంతో తక్కువ ధరకు తెచ్చింది. ఆ సంస్థను స్థాపించిన వరప్రసాద్ రెడ్డిగారు మన నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెం వారు. ఈ మాట చెప్పడానికి నాకు కాస్త గర్వంగానే ఉంది. 2011 నాటికి దేశమంతా పిల్లల టీకాల్లో దీన్ని చేర్చారు. పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు పడాలి. మనవలు, మునిమనవలు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఆ ఒక్క ప్రశ్న అడగవలసింది మనమే, ఆ హడావుడిలో పిల్లల తల్లిదండ్రులకు తోచదు. ఇప్పటికే వైరస్ ఉన్నవారికి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మాత్రలు ఉచితం. మాత్రలు వైరస్‌ను అదుపులో ఉంచుతాయి, పూర్తిగా తుడిచెయ్యవు. డాక్టరు చెప్పకుండా మానకూడదు.

ఇంత చెప్పానని చెట్లు, ఆకులు దండగ అంటున్నానని అనుకోకండి. మన ఇసుక నేలల్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళ గన్నేరు ఉంది చూడండి, దాన్ని 1950లలో మధుమేహానికేమైనా పనికొస్తుందా అని కెనడాలో పరీక్షిస్తే అది తేలలేదు గానీ, తెల్లరక్తకణాలు తగ్గడం గమనించారు. దాని నుంచే విన్‌బ్లాస్టిన్ వచ్చింది. పిల్లల రక్తక్యాన్సరుకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ కూడా ఆ మొక్కదే. అలాగని ఆకులు నూరి తాగితే విషం. నేల ఉసిరి మీద పరిశోధన కూడా ఆగిపోలేదు, ఫైలు ఇంకా పెండింగులోనే ఉంది. మీలో ఎవరైనా అలవాటుగా దాన్ని వాడుతుంటే, షుగరు, బి.పి. మాత్రలు రాసే డాక్టరుగారికి ఆ సంగతి చెప్పండి. దాచకండి.

కార్యదర్శిగారు వాచీ చూసుకుంటున్నారు. బి, సి రకాల రక్తపరీక్షకు మన సంఘం తరఫున ఒకరోజు శిబిరం పెట్టించమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి అర్జీ రాసి తెచ్చాను. అది అధ్యక్షులవారి దగ్గర ఉంది. పోయేముందు అందరూ సంతకాలు చేయవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.