చింపాంజీకి రాని ఎయిడ్స్ మనిషికెందుకు వస్తుంది?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఫైళ్ళు రాసినవాణ్ణి. అయినా ఈ విషయం ఎంచుకోవడానికి కారణముంది. మన రహమత్ నగర్‌లో ఒక మాట వినబడుతోంది: "రోగనిరోధక శక్తి పెంచుకుంటే హెచ్.ఐ.వి. ఏమీ చెయ్యదు, మాత్రలు మానేసి ఈ పొడి వాడండి" అని. అది ఎంత ప్రమాదమో చింపాంజీలను చూస్తే తెలుస్తుంది.

ప్రపంచమంతా పాకిన హెచ్.ఐ.వి. రకం కామెరూన్ దేశపు ఆగ్నేయ అడవుల్లోని చింపాంజీల నుంచి మనిషికి వచ్చిందని 2006లో తేల్చారు. 1980ల నుంచి ప్రయోగశాలల్లో వందకు పైగా చింపాంజీలకు మనిషి వైరస్‌ను ఎక్కించి చూశారు. వైరస్ ఒంట్లో నిలిచింది గాని, దాదాపు దేనికీ ఎయిడ్స్ రాలేదు. అమెరికాలో ఒకదానికి మాత్రం సుమారు పదేళ్ళకు వచ్చింది.

మరి వాటి శరీరం మనకంటే గట్టిగా పోరాడిందా? కాదు, నెమ్మదిగా ఉంది.

ఆఫీసులో ప్రతి ఫైలుకీ "అర్జెంటు" చీటీ కట్టారనుకోండి. కొన్నాళ్ళకు సిబ్బంది అలసిపోతారు, అసలు పని ఆగిపోతుంది. హెచ్.ఐ.వి. సోకిన మనిషిలో జరిగేదిదే. రక్షణకు నిలిచే సి.డి.4 కణాలు ఏళ్ళ తరబడి ఉద్రేకంలో ఉంటాయి. ఉద్రేకంలో ఉన్న కణంలోనే వైరస్ బాగా పెరుగుతుంది. వైరస్ సోకని కణాలు కూడా నశిస్తాయి. చింపాంజీలో ఆ ఉద్రేకం తక్కువ, కణాల లెక్క అంతగా పడిపోదు.

వెల్లూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన అజిత్ వర్కీ గారి బృందం 2006లో ఒక సంగతి కనిపెట్టింది. చింపాంజీ టి-కణాల మీద సిగ్లెక్ అనే, బ్రేకులాంటి అణువులున్నాయి. మనిషి టి-కణాల మీద అవి దాదాపు లేవు. ఈ తేడాకు ఇదొక కారణం కావచ్చునన్నారు.

అలాగని చింపాంజీ అమృతం తాగి పుట్టలేదు. టాంజానియాలోని గోంబే అడవిలో తమ సొంత వైరస్ సోకినవాటికి చావు ముప్పు పది రెట్లకు పైగా ఉందని 2009లో వెల్లడైంది.

కనుక మిత్రులారా, అసలే ఉద్రేకంలో ఉన్న ఒంటిని ఇంకా ఎగదోయడం వైద్యం కాదు. వైరస్‌ను అణచాలి. ఏ.ఆర్.టి. మాత్రలు చేసే పని అదే. 2004 నుంచి ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తోంది. మన ఊళ్ళో గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో దొరుకుతాయి. రోజూ వేసుకుని, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం వల్ల కూడా ఇతరులకు సోకదు. మానేస్తే కొద్ది వారాల్లోనే మళ్ళీ లేస్తుంది.

ఒకప్పుడు ఊరంతా పులిరాజా బోర్డులు చూసి నవ్వుకున్నాం. బోర్డులు పోయాయి, మన భయం పోలేదు. ఆ భయంతోనే ఇళ్ళలో రోగాన్ని దాస్తున్నారు, దాచినచోటికే పొడులు అమ్మేవాడు వస్తున్నాడు. మీ ఎరికలో ఎవరైనా మాత్రలు మానేసి ఉంటే, దయచేసి వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పక్కన కూర్చుంటే, కలిసి భోంచేస్తే ఈ జబ్బు అంటదు. పింఛను తీసుకునే మనకు ఒక పూట తీరిక దొరక్కపోదు.