విద్యార్థుల చర్చావేదిక, తెలుగు లిపి

సామాజిక మాధ్యమాల చరిత్రను చాలామంది 2004లో హార్వర్డ్ విద్యార్థులు ఆరంభించిన ఫేస్‌బుక్‌తో మొదలుపెడతారు గాని, దానికి పాతికేళ్ల ముందే, 1979లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్‌ను రూపకల్పన చేశారు. ఒక కంప్యూటర్ మరొకదానికి టెలిఫోను తీగ ద్వారా సందేశాలను అందజేసే ఈ ఏర్పాటుకు కేంద్రం గాని యజమాని గాని లేకపోవడమే దాని గొప్పతనం. పొరుగునున్న నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ విద్యార్థి స్టీవ్ బెలోవిన్ దానికి తొలి ప్రోగ్రాము రాశాడు.

1990ల తొలినాళ్లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువారు ఇదే యూజ్‌నెట్‌లో తమ భాషకూ సంస్కృతికీ ఒక చర్చావేదికను ఏర్పరచుకున్నారు. అయితే తెలుగు లిపి కనిపించని ఆ తెరలపై మాతృభాషను రాయడమెలా అన్నది వారికి నిజమైన సమస్య. రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అందుకు ఒక లిప్యంతరీకరణ పద్ధతిని, అంటే తెలుగు ధ్వనులను రోమన్ అక్షరాలతో సూచించే కట్టుబాటును, దానిని తిరిగి తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామునూ రూపొందించారు. రైస్ పేరుతోనే ఆర్‌టీఎస్‌గా ప్రసిద్ధమైన ఆ పద్ధతిలో చిన్న, పెద్ద రోమన్ అక్షరాల భేదమే ఆయువుపట్టు: ఆళ్లగడ్డలోని డకారానికి పెద్దక్షరం, నంద్యాలలోని దకారానికి చిన్నక్షరం; అహోబిలం అని రాయాలంటే హోకారంలోని దీర్ఘానికీ చివరి సున్నకూ పెద్దక్షరాలే కావాలి. ఆంగ్ల కీబోర్డుపై తెలుగు రాసే అలవాటు ఈ మార్గంలోనే స్థిరపడింది; తరువాత వచ్చిన లేఖిని వంటి ఉపకరణాలూ దీనినే కొనసాగించాయి.