ఎరుపు నుంచి నీలానికి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరుగా నా ఉద్యోగమంతా సున్నపురాయితోనే గడిచింది. అందుకని మన రాళ్ల గురించి, మన నీళ్ల గురించి నాలుగు మాటలు చెబుతాను. బ్యూరెట్ మరిచిపోయినవాళ్లు కంగారు పడొద్దు, పరీక్ష పెట్టను.

జమ్మలమడుగు దగ్గరి నార్జి ఊరి పేరునే అక్కడి సున్నపురాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టారు. పులివెందుల వైపు వేంపల్లె పేరుతో మరో రాతి పొర ఉంది, అందులో డోలమైటు ఎక్కువ. చాలాచోట్ల రెండూ బూడిదరంగే, చూసి చెప్పడం కష్టం. సున్నపురాతిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం. డోలమైటులో దానికి మెగ్నీషియం తోడవుతుంది. శుద్ధ డోలమైటులో మెగ్నీషియం ఆక్సైడు సుమారు 22 శాతం. మామూలు సిమెంటులో అది 6 శాతం దాటకూడదు. బట్టీలో బాగా కాలిన మెగ్నీషియా నీళ్లను వెంటనే తీసుకోదు. గృహప్రవేశమై ఏండ్లు గడిచాక మెల్లగా తేమ పీల్చి ఉబ్బుతుంది, గోడ పగులుతుంది. అప్పుడు మేస్త్రీని తిట్టి లాభం లేదు.

కాబట్టి రాయిని ముందే కొలవాలి. పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, అడ్డొచ్చే ఇనుము, అల్యూమినియంలను ట్రైఇథనోలమీన్‌తో కట్టేస్తారు. తర్వాత బ్యూరెట్‌లో ఇ.డి.టి.ఎ. ద్రావణం. 1940లలో జ్యూరిచ్‌లో ష్వార్జెన్‌బాహ్ దీన్ని లోహాల కొలతకు పనికొచ్చేలా చేశాడు. దాని అణువు లోహాన్ని ఆరు వైపుల నుంచి పట్టుకుంటుంది. కీలేట్ అన్న మాటే గ్రీకులో ఎండ్రకాయ గిట్ట నుంచి వచ్చింది. ఒక అణువుకు ఒకే లోహ అయాను, అందుకే లెక్క సులువు.

పి.హెచ్. 10 దగ్గర ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక వేస్తే ద్రావణం ఎర్ర ద్రాక్షరసం రంగులో ఉంటుంది. సూచిక చేతిలోని లోహాన్ని ఇ.డి.టి.ఎ. పూర్తిగా లాక్కున్న క్షణాన నీలమవుతుంది. మధ్యలో వచ్చే ఊదారంగు దగ్గర ఆగకూడదు, ఎరుపు ఛాయ బొత్తిగా పోవాలి. చివర్లో చుక్కచుక్కగా వదలాలి. మన ప్రొద్దుటూరు కంసాలులు గీటురాయి మీద గీత రంగు చూసి బంగారం చెప్పినట్టే, ఇక్కడా ఆఖరి తీర్పు కంటిదే.

ఇలా వచ్చేది కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిసిన లెక్క. మరో ఫ్లాస్కులో సోడియం హైడ్రాక్సైడు వేసి పి.హెచ్. 12 దాటిస్తే మెగ్నీషియం అవక్షేపమై తప్పుకుంటుంది. ప్యాటన్-రీడర్ సూచికతో కాల్షియం ఒక్కటే తేలుతుంది. మొదటి లెక్కలోంచి దీన్ని తీసేస్తే మెగ్నీషియం.

ఈ రాళ్ల మధ్య నిలిచిన నీళ్లే మన బోర్లలోకి వస్తాయి. కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గిన్నె అడుగున తెల్లటి పొర మనకు కొత్త కాదు. నీళ్లకైతే పరీక్ష ఇంకా తేలిక. 50 మిల్లీలీటర్ల నీటికి 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ. 10 మిల్లీలీటర్లు ఖర్చయితే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. తాగునీటికి అదే ఆమోద పరిమితి. వేరే నీళ్లు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు, అంటే 30 మిల్లీలీటర్లు. ఫ్లోరైడు మాత్రం దీంతో తేలదు, దానికి వేరే పరీక్ష.

మన బడి ప్రయోగశాలకు బ్యూరెట్లు, రసాయనాలు నేను ఇస్తాను. మీరు చేయాల్సింది మీ ఊరి బోరు నీళ్లు ఒక సీసాడు తేవడం. పిల్లలు కొలిచి, పటం మీద గుర్తు పెడతారు. సీసాను ముందు అవే నీళ్లతో రెండుసార్లు కడగండి. పైన ఊరి పేరు, బోరు లోతు, తేదీ రాయండి.